పరదేశంలో నాట్యం బ్రతుకుతెరువు అవుతుందా?

ఆడపిల్లకు ఏడో ఏడు వచ్చిందంటే చాలు, సాయంత్రంపూట ఏ మాస్టారి దగ్గరో, ఏ టీచరమ్మ దగ్గరో డాన్సులో చేర్పించడం మన పట్నాలలో మామూలైపోయింది. చున్నీ నడుముకు బిగించి కట్టుకుని అది అడుగులు వేస్తుంటే మనం గుమ్మం బయట కూర్చుని మురిసిపోతాం. పదిహేనో ఏట రంగప్రవేశం చేయిస్తాం. ఆ తరవాత ఇంటరు, ఎంట్రన్సు పరీక్షలు, ఇంజనీరింగు. గజ్జెలు అటక ఎక్కుతాయి. అవి మళ్ళీ ఎప్పుడు కిందికి దిగుతాయంటే అమ్మాయికి అమెరికా సంబంధం కుదిరినప్పుడు! తాంబూలాలు పుచ్చుకునే వేళ ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు: "అమ్మాయికి డాన్సు వచ్చు కదండీ, అక్కడ ఇంట్లోనే స్కూలు పెట్టుకోవచ్చు. డాలర్లే డాలర్లు!"

ఈ మాట నేను చాలా ఇళ్ళల్లో విన్నాను. నా పెళ్ళిలోనూ విన్నాను. నాలుగేళ్ళు అక్కడ వుండి, పిల్లలకు కూచిపూడి నేర్పి వచ్చినదాన్ని కనుక, ఆ మాటలో ఎంత నిజం వుందో, ఎంత లేదో మీతో చెప్పాలని వుంది.

నాట్యంతో అక్కడ బ్రతకవచ్చునా అంటే, బ్రతకవచ్చును. బ్రతుకుతున్నవాళ్ళు చాలామందే వున్నారు. కాని వాళ్ళలో నూటికి తొంభైమంది నాట్యం చేసి కాదు, నేర్పి బ్రతుకుతున్నారు. ఈ రెండింటికీ వున్న తేడా తెలియకనే మన అమ్మాయిలు చాలామంది అక్కడికి వెళ్ళిన ఏడాదికే నీరుగారిపోతారు. ఇక్కడ మనం పిల్లకు నేర్పించేది చేయడం. అక్కడ దానికి అవసరమయ్యేది చేయించడం. పది వర్ణాలు వచ్చిన పిల్లకు, ఆరేళ్ళ పసిపాపను అరమండిలో నిలబెట్టడం ఎలాగో తెలియకపోవచ్చును.

ఈ దారి ఎవరు వేశారో ఒక్కసారి చూద్దాం. రాగిణీదేవి అనే ఆవిడ వున్నారు. అసలు పేరు ఎస్తర్ షెర్మన్, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో పుట్టిన తెల్ల అమ్మాయి. మన నాట్యం మీద మోజుపడి, 1928 నాటికే దాని మీద ఇంగ్లీషులో పుస్తకం రాసింది. ఆవిడ కూతురే ఇంద్రాణీ రెహమాన్. ఇంద్రాణి మన కోరాడ నరసింహారావుగారి దగ్గర కూచిపూడి నేర్చుకుని దాన్ని దేశదేశాల వేదికలెక్కించింది. అంత పేరున్న ఆవిడ కూడా 1976 నుంచి న్యూయార్కులో జూలియార్డు అనే పెద్ద కళాశాలలో పాఠాలు చెప్పింది. 1999లో అక్కడే కన్నుమూసింది.

బాలసరస్వతి సంగతి ఇంకా ఆలోచించదగ్గది. ఆవిడది తరతరాలుగా ఆట, పాట వృత్తిగా వున్న దేవదాసీ కుటుంబం. దేవదాసీ ప్రథను నిషేధిస్తూ మద్రాసు ప్రభుత్వం 1947లో చట్టం చేసింది. ఆ ప్రథ పోవడం మంచిదే, ఎవరూ కాదనరు. కాని దానితోపాటు నాట్యమే అన్నం పెట్టే ఎందరో ఆడవాళ్ళకు ఆ అన్నమూ పోయింది. మన గోదావరి జిల్లాల కళావంతుల ఇళ్ళల్లో ముసలమ్మలు తమకు వచ్చిన విద్య సంగతి బయటికి చెప్పుకోవడానికే సిగ్గుపడే రోజులు వచ్చాయి. అదే విద్యతో బాలసరస్వతి 1962లో అమెరికా వెళ్ళింది. కనెటికట్ రాష్ట్రంలో వెస్లియన్ విశ్వవిద్యాలయంవారు ఆమెను పిలిచి పాఠాలు చెప్పించుకున్నారు. ఆ ఏడే జేకబ్స్ పిల్లో అనే నాట్యోత్సవంలో ఆమె ఆడితే పత్రికలవాళ్ళు పొగడలేక అలసిపోయారు. ఆవిడ అభినయించిన పదాలలో మన క్షేత్రయ్యవి ఎన్నో వున్నాయి. కూచిపూడి పక్కనే వున్న మొవ్వ గోపాలుడి మీద కట్టిన పాటలు! ఇక్కడ కొందరు ముక్కు మీద వేలేసుకున్న ఆ పదాలను, అక్కడ కాలేజీ పిల్లలు కాగితం, పెన్సిలు పట్టుకుని రాసుకుని నేర్చుకున్నారన్నమాట.

వీళ్ళంతా మహామహులు. మన అమ్మాయిలాంటివాళ్ళకు దారి తెరుచుకున్నది వేరే కారణం చేత. 1965లో అమెరికావాళ్ళు వలస చట్టం మార్చారు. మన డాక్టర్లు, ఇంజనీర్లు వేలకు వేలు వెళ్ళారు. పెళ్ళాలను తీసుకెళ్ళారు. పిల్లలు పుట్టారు. ఆ పిల్లలకు అయిదారేళ్ళు వచ్చేసరికి తల్లిదండ్రులకు బెంగ పట్టుకున్నది: వీళ్ళకు మన భాష రాదు, మన దేవుడు తెలియదు, ఏం చెయ్యాలి? 1976లో పిట్స్‌బర్గులో వెంకటేశ్వరస్వామి గుడి వెలిసింది. మరుసటి ఏడే న్యూయార్కులో వినాయకుడి గుడి. ఆ 1977లోనే సినిమాతార పద్మిని, అదేనండీ, లలిత, పద్మిని, రాగిణులలో పద్మిని, న్యూజెర్సీలో నాట్య పాఠశాల తెరిచారు. గుడి, బడి రెండూ ఆ ఒక్క బెంగలోంచే పుట్టాయి. 1981లో వెంపటి చినసత్యంగారు తన బృందంతో అమెరికాలోని అనేక నగరాలలో కూచిపూడి నృత్యనాటకాలు ప్రదర్శించి వచ్చిన తరవాత, తెలుగువాళ్ళ పిల్లలకు కూచిపూడే నేర్పించాలన్న పట్టుదల పెరిగింది.

ఇందులో నాకు ముచ్చటగా తోచే సంగతి ఒకటుంది. కూచిపూడిలో పూర్వం ఆడవాళ్ళు గజ్జె కట్టింది లేదు. సత్యభామ వేషమూ మగవారిదే. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామగా జడ పట్టుకు నిలబడితే ఆడవాళ్ళే సిగ్గుపడేవారు. అటువంటి విద్య ఇవాళ డల్లాసులోనో, అట్లాంటాలోనో, శాన్‌హోజేలోనో నిలబడి వుందంటే అది చాలావరకు ఆడవాళ్ళ వల్లనే. 2010లో హైదరాబాదులో సిలికానాంధ్రవారు 2,800 మందికి పైగా నర్తకుల చేత ఒకేసారి ఆడించారు. 2016లో విజయవాడలో ఆ లెక్క 6,000 దాటింది. విమానాలెక్కి దిగిన శిష్యురాళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన ప్రవాస గురువులు కూడా వారిలో వున్నారు.

సరే, ఇక అసలు బడి ఎలా నడుస్తుందో చూద్దాం.

సాధారణంగా మొదలయ్యేది ఇంటి కింద వుండే నేలమాళిగలో. బేస్‌మెంటు అంటారు. పక్కింటి తెలుగువాళ్ళ అమ్మాయి, ఎదురింటి తమిళులమ్మాయి, ఇద్దరితో మొదలవుతుంది. ఆ నేల సిమెంటు. పైన పల్చటి తివాసీ. మన నాట్యమంతా పాదం దబ్బున వేసేది కదా, ఆ సిమెంటు మీద రోజుకు మూడు గంటలు అడుగులు వేస్తే రెండేళ్ళలో మోకాళ్ళు, మడమలు, ముంగాళ్ళు అన్నీ పేచీ పెడతాయి. అక్కడి డాన్సు స్టూడియోలలో కింద కాస్త సందు వదిలి, కర్రచెక్కలతో స్ప్రింగులా అణిగే నేల వేస్తారు. అది లేకుండా పిల్లలకు నేర్పడం వాళ్ళ కాళ్ళకూ మంచిది కాదు. నేను ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇప్పటికీ మేడ మెట్లు దిగేటప్పుడు నా ఎడమ మోకాలు గుర్తుచేస్తూనే వుంటుంది.

పిల్లలు పదిమంది దాటగానే ఇంటి ముందు కార్లు బారులు తీరతాయి. ఇరుగుపొరుగువారు మర్యాదగా నవ్వుతూనే మునిసిపాలిటీకి ఫిర్యాదు చేస్తారు. నివాసగృహంలో బడి నడపవచ్చునా, ఎందరు పిల్లలు రావచ్చును, కార్లు ఎక్కడ ఆపాలి అన్నదానికి ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క నిబంధన వుంటుంది. అప్పుడు చర్చి హాలో, గుడి కింది గదో, కమ్యూనిటీ సెంటరో గంటకు ఇంత అని అద్దెకు తీసుకోవాలి. చర్చి హాలులో నటరాజ విగ్రహం పెట్టి హారతి ఇస్తే పొగకు గంట మోగే యంత్రం కుయ్యిమంటుంది. అందుకని అక్కడి టీచర్లు బ్యాటరీ దీపం పెట్టి నమస్కారం చేయిస్తారు. నటరాజు ఏమీ అనుకోడు లెండి.

లెక్క చూసుకుందాం. ఊరినిబట్టి ఫీజులు, అద్దెలు మారతాయి కనుక నేను చెప్పేది ఉదాహరణకే. ఇరవైమంది పిల్లలు, తలకు నెలకు 80 డాలర్లు అనుకోండి. 1,600 డాలర్లు. "నెలకు లక్ష రూపాయలకు పైమాటే!" అని మనం ఇక్కడ నోరు తెరుస్తాం. వారానికి ఆరుగంటల హాలు, గంటకు 25 డాలర్లు అనుకుంటే 600 పోయింది. పిల్ల కాలు విరిగితే తల్లిదండ్రులు దావా వేయకుండా ఇన్సూరెన్సు, పెట్రోలు, పాటల రికార్డింగు, ఫోను కలిపి 150 వేసుకోండి. మిగిలింది 850. సొంతంగా సంపాదించేవాళ్ళు అక్కడ సామాజిక భద్రత పన్ను రెండు వాటాలూ తామే కట్టుకోవాలి. అది సుమారు 15 శాతం. ఆదాయపు పన్ను వేరే. వేసవిలో పిల్లలంతా అమ్మమ్మగారి ఊళ్ళకు వచ్చేస్తారు కనుక ఏడాదికి పన్నెండు నెలలు కాదు, పది నెలలే ఆదాయం. ఇరవైమంది పిల్లలతో సంసారం నడవదు, చేతిఖర్చు నడుస్తుంది. సంసారం నడవాలంటే వందమందైనా వుండాలి. ఆ సంఖ్యకు చేరడానికి ఎనిమిది, పదేళ్ళు పట్టడం విడ్డూరమేమీ కాదు.

ఇంకొక లెక్క వుంది. అది డాలర్లలో తేలేది కాదు. పిల్లలు బళ్ళోంచి వచ్చేది సాయంత్రం. కనుక క్లాసులు సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా, శని, ఆదివారాలు పొద్దుటి నుంచి. అంటే మొగుడు ఇంటికి వచ్చే వేళకు ఈవిడ ఇంట్లో వుండదు. ఊరందరికీ సెలవు రోజు ఈవిడకు సెలవుండదు. సొంతపిల్ల పుట్టినరోజు శనివారం వస్తే కేకు రాత్రి తొమ్మిదింటికి కోయాలి. వంటమనిషి, పనిమనిషి, అత్తగారు ఎవరూ లేని ఇల్లు అది. పెళ్ళికి ముందే అల్లుడితో మాట్లాడవలసిన విషయం ఏదైనా వుంటే ఇది. "మా అమ్మాయి డాన్సు చేస్తుందండీ" అంటే ఏ కుర్రాడైనా సంతోషంగా తలూపుతాడు. "శని, ఆదివారాలు బియ్యం కడిగేది మీరే" అంటే తలూపుతాడో లేదో కనుక్కోండి!

నేర్పడంలో వుండే చిక్కులు కూడా మనం ఊహించేవి కావు. మన గురువులు కర్ర పుచ్చుకుని మోకాలి మీద ఒకటి వేస్తే మనం తలవంచుకుని సర్దుకునేవాళ్ళం. అక్కడ పిల్ల మీద చెయ్యి వేయడానికి లేదు. భుజం సరిచేయాలన్నా "ముట్టుకోనా?" అని అడిగి ముట్టుకోవాలి. మొదట్లో నాకిది విడ్డూరంగా తోచింది గాని, ఏడాది తిరిగేసరికి మన పద్ధతిలో ఎంతమంది పిల్లలు భయంతో నాట్యం మానేశారో గుర్తుకు వచ్చింది. ఆ పిల్లలు ప్రతిదానికీ "ఎందుకు?" అంటారు. భామాకలాపంలో సత్యభామ తన జడను తెర మీద వేసి సవాలు చేస్తుంది కదా, దాని గురించి చెబుతుంటే తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె, బాబ్డ్ హెయిరు, "ఆవిడకి అంత గర్వమైతే కృష్ణుడికోసం ఏడవడమెందుకు?" అని అడిగింది. నేను పదేళ్ళు ఆ వేషం కట్టాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. జవాబు చెప్పడానికి రాత్రంతా ఆలోచించవలసి వచ్చింది. అటువంటి పిల్లకు పాట మాట మాటకూ అర్థం విడమరచి, దాని వెనకాల కథ ఇంగ్లీషులో చెప్పి, ఆపైన తెలుగు మాటను దాని నోట పలికించాలి. తెలుగే సరిగా రాని టీచరు, ఇంగ్లీషు మీడియంలో చదివిన మన అమ్మాయిలు చాలామంది అంతే, ఇక్కడ దొరికిపోతుంది.

అక్కడ డాన్సు బడికి ఏడాదిలో పెద్ద పండుగ రంగప్రవేశం, అరవమాటలో అరంగేట్రం. పదిహేను, పదిహేడేళ్ళ పిల్ల, అది కాలేజీకి వెళ్ళేముందు, వేసవి సెలవుల్లో జరుగుతుంది. పెళ్ళంత హడావిడి. హాలు, ఆభరణాలు, మూడు నాలుగు జతల డ్రెస్సులు, సవరాలు, జడకుచ్చులు, చెన్నై నుంచి వాద్యబృందం, అందరికీ భోజనాలు. పదివేల డాలర్లు దాటడం మామూలు, కొందరు దానికి ఎన్నోరెట్లు ఖర్చుపెడతారు. టీచరుకు కూడా ఆ వేసవిలో నాలుగు డబ్బులు కనబడతాయి, నిజమే. అయితే ఆ మర్నాటి నుంచి ఆ పిల్ల క్లాసుకు రాదు. ఎనిమిదేళ్ళు చెయ్యి పట్టుకుని నేర్పిన శిష్యురాలు కాలేజీ దరఖాస్తులో ఒక వాక్యమై వెళ్ళిపోతుంది. ఏ వెయ్యిమందిలోనో ఒకతె మళ్ళీ తిరిగి వచ్చి "అక్కా, చిన్నపిల్లల క్లాసు నేను చెబుతాను" అంటుంది. ఆ ఒక్కతెతోనే బడి రెండో తరానికి వెళుతుంది.

రంగప్రవేశం త్వరగా చేయించమని తల్లులు తొందరపెట్టడం అక్కడ పెద్ద పేచీ. పదో తరగతికల్లా అయిపోవాలంటారు. ఒప్పుకుంటే అరకొర విద్యతో పిల్ల వేదికెక్కుతుంది, ఒప్పుకోకపోతే వేరే బడికి మారుస్తారు. టీచరు మాట నెగ్గాలంటే ఆవిడకు ఈ ఫీజు రాకపోయినా ఇల్లు గడవాలి. అందుకే నేననేది, మొదటి అయిదేళ్ళు వేరే ఆదాయం ఒకటి వుంచుకోవడం సిగ్గుపడవలసిన పని కాదు. పగలు ఆఫీసులో లెక్కలు రాసి సాయంత్రం గజ్జె కట్టిన టీచర్లలో చాలా గట్టివాళ్ళను చూశాను.

ప్రదర్శనల మాటకు వస్తే, కథ క్లుప్తం. ఉగాదికి, దసరాకు తెలుగు సంఘాలవాళ్ళు పిలుస్తారు. పది నిమిషాలు ఇస్తారు. అందులో మూడు నిమిషాలు మైకు సరిచేయడానికి పోతుంది. ఒక సంఘంవారు మా చేత నలభైమంది పిల్లలతో నృత్యరూపకం మూడు నెలలు తయారుచేయించుకుని, చివరికి శాలువా, జ్ఞాపిక ఇచ్చి, పిల్లల డ్రెస్సుల ఖర్చు కూడా మమ్మల్నే భరించమన్నారు. ఆ రాత్రే అదే వేదిక మీద సినిమావాళ్ళకు రానుపోను విమానం ఖర్చులు, హోటలు, పైన సంభావన. కోపం వచ్చింది. ఇప్పుడు కూడా కాస్త వస్తుంది. తరవాత నేర్చుకున్నదేమిటంటే, ముందే కాగితం మీద రాయించుకోవాలి: ఎన్ని నిమిషాలు, ఎంత సొమ్ము, ఎవరి ఖర్చు. "డబ్బు అడిగితే ఏమనుకుంటారో" అన్న మొహమాటం మన ఆడవాళ్ళకు పుట్టుకతో వస్తుంది, అక్కడి ఇతర దేశాల కళాకారిణులకు అది లేదు.

డబ్బు వేరే చోట్ల వుంది, అక్కడికి వెళ్ళి అడిగేవాళ్ళు మనలో తక్కువ. అమెరికాలో రాష్ట్రరాష్ట్రానికీ ఒక కళామండలి వుంటుంది. సంప్రదాయ కళ ఏదైనా గురువు శిష్యురాలికి ఒక ఏడాది నేర్పడానికి చాలా రాష్ట్రాలలో చిన్న గ్రాంటులు ఇస్తారు. పాఠశాలలు, గ్రంథాలయాలు, మ్యూజియములు ప్రదర్శనకు పిలిచి సొమ్ము ఇస్తాయి. లాభాపేక్ష లేని సంస్థగా బడిని నమోదు చేసుకుంటే విరాళాలు ఇచ్చేవారికి పన్ను మినహాయింపు దొరుకుతుంది. అయితే దానికి బోర్డు, సమావేశాలు, ఏటేటా లెక్కల పత్రాలు తప్పవు. కథక్ గురువు చిత్రేష్ దాస్ 1970లో అక్కడికి వెళ్ళి, కాలిఫోర్నియాలో దశాబ్దాలపాటు బడి నడిపి, 2009లో అమెరికా ప్రభుత్వం సంప్రదాయ కళాకారులకు ఇచ్చే జాతీయ గౌరవం పొందారు.

ఇక అందరికంటె ముఖ్యమైన మాట, తల్లులు తప్పక వినవలసినది. భర్త ఉద్యోగం వీసా మీద వెళ్ళినప్పుడు భార్యకు ఇచ్చే హెచ్-4 వీసాతో ఆవిడ పనిచేసి సంపాదించడానికి వీల్లేదు. ఇంటి బేస్‌మెంటులో ఇద్దరు పిల్లలకు నేర్పి ఫీజు పుచ్చుకున్నా అది పనే. "నగదుగా తీసుకుంటే ఎవరికి తెలుస్తుంది లెండి" అని సలహా ఇచ్చేవాళ్ళు కొల్లలుగా వుంటారు. తెలిసిన రోజున ఇబ్బంది పడేది వాళ్ళు కాదు, మీ అమ్మాయి. గ్రీన్‌కార్డు దాకా ఆ మచ్చ వెంటాడవచ్చును. 2015 నుంచి, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటి ఆమోదం పొందినవారిలో భార్యలు పని అనుమతి పత్రం తీసుకునే వీలు కల్పించారు. అది చేతికి వచ్చాకనే ఫీజు. ఈ నిబంధనల మీద తగవులు, మార్పులు వస్తూనే వుంటాయి కనుక పక్కింటివారిని కాదు, వలస చట్టాలు తెలిసిన వకీలును అడగాలి.

పెళ్ళితో సంబంధం లేకుండా కళాకారిణిగా వెళ్ళే దారులూ వున్నాయి. ఒక జాతికి ప్రత్యేకమైన కళను ప్రదర్శించడానికి, నేర్పడానికి తాత్కాలికంగా వచ్చేవారికి పి-3 అనే వీసా, అసాధారణ ప్రతిభ వున్నవారికి ఓ-1 అనే వీసా వుంది. వేసవిలో వచ్చే వాద్యబృందాలు చాలావరకు పి-3 మీద వస్తాయి. దేనికైనా అక్కడి సంస్థ ఏదో ఒకటి దరఖాస్తు చేయాలి, మన ప్రతిభకు రుజువులు చూపించాలి. పత్రికలలో వచ్చిన సమీక్షలు, కరపత్రాలు, ఆహ్వానపత్రికలు, పెద్దలు రాసిచ్చిన ఉత్తరాలు అన్నీ అక్కరకు వస్తాయి. మనమేమో వాటిని పాత పేపర్లవాడికి వేసేస్తాం.

బ్రిటన్ పద్ధతి వేరు. లండనులో భారతీయ విద్యాభవన్ 1972 నుంచి వుంది. మన నాట్యాల కోసమే 1979లో ఒక అకాడమీ వెలిసింది. నాట్యోపాధ్యాయుల ఇంపీరియల్ సొసైటీ అని బాలే మొదలైనవాటికి పరీక్షలు పెట్టే పెద్ద సంస్థ, భరతనాట్యానికి, కథక్‌కు కూడా గ్రేడు పరీక్షలు నడుపుతుంది. పిల్లలతో పనిచేసేవారి పూర్వచరిత్రను పోలీసు రికార్డులలో సరిచూసే ఆనవాయితీ వుంది. అంటే అక్కడ టీచరన్నాక సర్టిఫికెట్లు అడుగుతారు. "మా గురువుగారు ఫలానా" అంటే సరిపోదు.

2020లో కరోనా వచ్చి అందరినీ ఇళ్ళల్లో కూర్చోబెట్టిన తరవాత ఇంకొక తలుపు తెరుచుకున్నది. విజయవాడలో తెల్లవారుజామున అయిదున్నరకు టీచరు కంప్యూటరు ముందు గజ్జె కట్టి నిలబడితే, న్యూజెర్సీలో అది రాత్రి భోజనాల వేళ, పిల్ల అక్కడ అడుగు వేస్తుంది. ఫీజు ఇక్కడికే వస్తుంది, విమానం ఎక్కనక్కర్లేదు. ఇందువల్ల అక్కడ వున్న టీచర్లకు పోటీ పెరిగిన మాట నిజమే. కాని తెర మీద శబ్దం ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది. తాళం తప్పింది పిల్లా, ఇంటర్నెట్టా అన్నది తేల్చుకోలేం. అభినయం ఎంతో కొంత వస్తుంది. అరమండి మాత్రం పక్కన నిలబడితేనే వస్తుందని నా అనుభవం.

అమ్మాయికి ఈ దారి మీద నిజంగా మనసుంటే, ఇక్కడ వుండగా చేయించవలసినవి చెబుతాను. కొత్త ఐటములు నేర్పించడం ఆపి, నట్టువాంగం నేర్పించండి. తాళాలు పట్టుకుని జతి చెప్పలేని టీచరు అక్కడ ఎప్పుడూ టేపు రికార్డరుకు బానిసే. కొద్దో గొప్పో సంగీతం నేర్పించండి, కనీసం పిల్లలకు పాడి వినిపించేంత. గురువుగారిని అడిగి రెండేళ్ళు చిన్నపిల్లల క్లాసు అప్పగించండి. కూచిపూడిలోని సిద్ధేంద్రయోగి కళాపీఠంలోనూ, ప్రభుత్వ సంగీత కళాశాలల్లోనూ కోర్సులున్నాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నాట్యంలో పోస్టుగ్రాడ్యుయేటు చదువు వుంది. ఏదో ఒక డిగ్రీ కాగితం చేతిలో వుంటే అక్కడి కాలేజీలవారితో, కళామండలులతో మాట్లాడటానికి వీలుంటుంది. గురువుగారి రచనలను ఆయన అనుమతితోనే నేర్పుతున్నట్టు ఒక ఉత్తరం కూడా తీసుకోండి. పదేళ్ళ తరవాత ఈ ఒక్క ముక్క లేక మనసులు విరిగిన గురుశిష్యులు వున్నారు.

ప్రయాణం పెట్టె సర్దేటప్పుడు పచ్చళ్ళ సీసాలు కాస్త తగ్గించి, తరంగానికి ఇత్తడి పళ్ళెం ఒకటి, నట్టువాంగం తాళాలు రెండు జతలు పెట్టండి. రెండు జతలెందుకంటే, ఒకటి ఎవరో ఒకరు అరువు తీసుకెళ్ళి తిరిగి ఇవ్వరు. గజ్జెలు మాత్రం చేతిసంచిలో వద్దు, చెక్కిన్ పెట్టెలోనే వేయించండి. విమానాశ్రయంలో తనిఖీవాళ్ళు నా సంచి విప్పి, అన్ని ఇత్తడి మువ్వలు ఏమిటివని అడిగితే, చుట్టూ జనం చూస్తుండగా కాళ్ళకు కట్టి చూపించవలసి వచ్చింది.